ఆ రాత్రి నేను ఆ గదిలో లేను

నమ్మితే నమ్మండి... లేకపోతే లేదు. కట్టుకున్న ఆవిడే ఇప్పటిదాకా నమ్మలేదు, మీరు నమ్మి తీరాలని నేనెందుకు పట్టుబట్టాలి? కానీ ఒట్టేసి చెబుతున్నాను. అందరూ దయ్యాన్ని చూశామని ఒట్టేస్తారు. నా ఒట్టు వేరు. ఆ రాత్రి నేను ఆ గదిలో లేను... అదీ నా ఒట్టు. ఉన్నానని నలుగురు చెప్పారు. ఆ నలుగురిలో ఒకాయన ఇప్పుడు లేరు, అడుగుదామన్నా కుదరదు.

తొంభైల మాట. ఖతర్‌లో. నేను మెసయీద్‌లో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. మా ఆవిడ సుజాత దోహాలో నర్సు. ఆవిడ డ్యూటీకి దగ్గరని దోహా శివారు మెసైమీర్‌లో ఒక విల్లాలో వెనక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ఆవిడకి దగ్గరంటే నాకు దూరమని అర్థం. పన్నెండు గంటల షిఫ్టు చేసి, ఆ పైన ఎడారి రోడ్డు మీద కారు తోలుకుని రావాలి. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ విప్పుతూ నిద్రపోయిన రోజులున్నాయి. ఒంటికి అమోనియా వాసన... ఎంత తోమినా పోయేది కాదు. సుజాత నా చొక్కాలు విడిగా నానబెట్టేది.

ఇంత అలసటలోనూ ఒక పిచ్చి ఉండేది మాకు. పాట. మాది గుంటూరు, లూథరన్ గుడి క్వయర్‌లో పెరిగినవాళ్ళం. అప్పట్లో ఖతర్‌లో చర్చి భవనాలు లేవు. శుక్రవారాలు ఇళ్ళలోనే, గొంతు పెంచకుండా, పాడుకునేవాళ్ళం. మా విల్లాలో ఒక పద్ధతి కనిపెట్టాం. పాట మొదలుపెట్టే ముందు అన్ని గదుల్లో విండో ఏసీలు ఆన్ చేసేవాళ్ళం. ఆ రొదలో మా గొంతులు వీధి దాకా పోవు. హార్మోనియం లేదు కాబట్టి శ్రుతి కూడా ఏసీదే. హాల్లో ఉన్న పాత ఏసీ ఒకే స్వరం మీద మూలిగేది. దాన్ని పట్టుకుని మొదలుపెట్టేవాళ్ళం. నవ్వకండి... నిజం.

మాకు నేర్పింది రాజారత్నం మాస్టారు. గుంటూరులో నాకు చిన్నప్పుడు పాట నేర్పినాయనే. రిటైరయ్యాక దోహాలో ఒక స్కూల్లో సంగీతం టీచరుగా వచ్చారు. ఆయన దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషాయన కట్టిన ఆరాధన, నాలుగు గొంతులకి, లాటిన్‌లో. వాయిద్యం లేదు. వట్టి గొంతులే. ఆ క్యాసెట్ అరిగి అరిగి చివర్లో గొంతులు వణికేవి.

ఆ పాట కట్టినాయన కథ మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో. రాణిగారి సొంత గుడిలో పాటగాడట. కానీ ఆయన నమ్మిన పద్ధతికి ఆ దేశంలో అనుమతి లేదు. రాణిగారి గుడికి పాటలు కట్టి ఇచ్చాడు, పేరు తెచ్చుకున్నాడు... మరోపక్క తన ఊరి గుడికి రావడం లేదని ఆయన మీదా ఇంటావిడ మీదా కేసులు నడిచాయి. చివరికి ఒక పల్లెకి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక పెద్దమనిషి ఇంట్లో, తలుపులు వేసుకుని, నలుగురైదుగురు కూర్చుని పాడుకోవడానికి ఇది రాశాడు. అచ్చు వేయించినప్పుడు ముఖపత్రం కూడా పెట్టించలేదట, భయం. అదీగాక ఆ కాలంలో ఎవరి భాగం వాళ్ళకే అచ్చు. పక్కవాడేం పాడతాడో కాగితంలో ఉండదు. చెవితో వెతుక్కోవాలి.

"ఒరే ప్రసాదూ, ఇది పెద్ద పెద్ద గుళ్ళలో పాడేది కాదురా," అనేవారు మాస్టారు. "మనలాగా ఏసీలు పెట్టుకుని పాడుకునేవాళ్ళ కోసం రాశాడురా మహానుభావుడు."

మాకూ అలాగే ఎవరి కాగితం వాళ్ళకిచ్చారు. లాటిన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసి, మీద స్వరాలు వేసి. పైన గొంతు సుజాత. దాని కింద ఆల్టో, సుజాతతో పనిచేసే గ్రేసు. టెనర్ యోహాను... కడప వైపు కుర్రాడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. అడుగున బేస్ నేను. మన భాగం లేని చోట లెక్క తప్పకుండా తాళం వేసినట్టు వేళ్ళు మడుచుకోమనేవారు. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడి వేలు... అలా తొడ మీద.

నాతో ఆయనకి ఒకే తగువు. ఆఖరి మాట 'పాచెం'. శాంతి అని అర్థం. తెలుగులో రాసుకున్నాం కదా, చివర సున్న కనబడుతుంది. సున్న కనబడగానే మనవాడికి నోరు మూతపడుతుంది. అందరూ ఇంకా 'ఎ...' అని సాగదీస్తుంటే నేను అప్పుడే 'మ్‌...' అని ముక్కులో మూలుగుతుండేవాణ్ణి.

"సున్న చుట్టకురా! నోరు తెరిచే ఉంచు! అందరితో పాటు మూద్దువుగాని!"

ఎన్నిసార్లు తిట్టారో. అయినా నేను ప్రతిసారీ సున్న చుట్టేవాణ్ణే. సుజాత నన్ను ఇంట్లో 'సున్నగారూ' అని పిలవడం మొదలుపెట్టింది.

అసలు బాధ ఏమిటంటే... నలుగురం ఒక్కసారి కూడా ఒకచోట చేరలేదు. ఒకరికి నైట్ డ్యూటీ. యోహాను మేడమ్ బజారుకి బయలుదేరుతుంది. నాకు ఫ్యాక్టరీ మరమ్మతుల షట్‌డౌన్. ఎప్పుడూ ముగ్గురే. ఈలోగా మాస్టారికి లివర్ జబ్బు ముదిరింది. కళ్ళు పచ్చబడ్డాయి. స్కూలువాళ్ళు ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. ఆ సెప్టెంబరులో ఒక గురువారం రాత్రి ఆయన బొంబాయి ఫ్లైటు. ఆయన జీవితంలో ఆ పాటని బతికున్న గొంతులతో పూర్తిగా ఎప్పుడూ వినలేదు. క్యాసెట్లోనే. ఫ్లైటుకి ముందు మా ఇంట్లో పాడదామనుకున్నాం. యోహాను సెలవు బతిమాలుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ డ్యూటీలు మార్చుకున్నారు.

ముందురోజు మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిలో ఎముకలు తప్ప ఏమీ లేవు.

"నువ్వొస్తావుగా?"

"వస్తాను మాస్టారూ. ఎందుకు రాను?"

ఆ గురువారం నన్ను రిలీవ్ చేయవలసినవాడు రాలేదు. జ్వరమట. కంట్రోల్ రూమ్ వదిలి వెళ్ళడానికి లేదు. ఇంకొకడిని పట్టుకొచ్చేసరికి చీకటి పడిపోయింది. అంతకు ముందు రోజు కూడా సరిగ్గా నిద్ర లేదు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. ఇంటికి ఫోన్ చేశాను, లైను బిజీ. సరే, దారిలో టైము కలుపుకుందామని కారు ఎక్కి తొక్కాను.

అదీ నా కారు సంగతి తెలిసీ తొక్కాను... మూడు చేతులు మారి నా దగ్గరికొచ్చిన కారు. సగం దారిలో బానెట్లోంచి పొగ. రేడియేటర్ పైపు పగిలింది.

దిగాను. చుట్టూ ఏమీ లేదు. ఇప్పుడు ఆ వైపు బిర్కత్ అల్ అవామిర్ దగ్గర గోడౌన్లూ క్యాంపులూ వచ్చేశాయంటారు... అప్పుడు వట్టి ఎడారి. రోడ్డు, రోడ్డు పక్కన కరెంటు టవర్లు. అంతే. రెండు కార్లు పోయాయి. చెయ్యి ఊపాను, ఆగలేదు. నీళ్ళ సీసాలో అడుగున గుక్కెడు. ఉక్కపోత. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

గడియారం చూసుకున్నాను. వాళ్ళు మొదలుపెట్టే వేళ దాటిపోతోంది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. రాని వాడి మీద, కారు మీద, ఈ దేశం మీద, నా మీద. టైరుని ఒక తన్ను తన్నాను. తరువాత సీట్లో కూలబడ్డాను. ఏడుపొచ్చింది... నిజంగానే. ఆయన ఇంకో నెల ఉంటారో ఉండరో. ఒక్క పాట. అది కూడా చేతకాలేదు నాకు.

అప్పుడు విన్నాను. టవర్ల మీద తీగలు మూలుగుతున్నాయి. సన్నగా... ఒకే స్వరం మీద. మా హాల్లో ఏసీ లాగా.

ఏం తోచిందో, నేనూ ఆ స్వరం అందుకున్నాను. 'మ్‌...' అని. అంతే. పాడాలని కాదు. నోరు ఊరుకోక.

మేం పాడవలసింది ఆ ఆరాధనలో ఆఖరి భాగం. ఒకే ప్రార్థన మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఆడవాళ్ళిద్దరే. రెండోసారి సుజాత, యోహాను, నేను. మూడోసారి ఒకరి వెనక ఒకరుగా నలుగురం. మొదటిసారి నాకు పనిలేదు కాబట్టి స్టీరింగ్ మీద వేళ్ళు మడుస్తున్నాను. చిటికెన వేలు... ఉంగరం వేలు...

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెబుతాను.

మొదట ఏమీ లేదు. తీగల మూలుగు. ఇంజను చల్లబడుతూ టిక్... టిక్... అంటోంది.

తరువాత... ఆ మూలుగు లోపల ఇంకేదో ఉంది. సన్నని గీత. గాలి అనుకున్నాను. గాలి లేదు. హెడ్‌లైట్ల వెలుగులో నా ముందు ఇసుకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది, అది కదలడం లేదు.

ఆ గీత రెండైంది.

రెండు ఆడగొంతులు. దూరంగా కాదు... దగ్గరగానూ కాదు. పక్క గదిలో తలుపు వేసుకుని పాడుతున్నట్టు. పైన ఉన్న గొంతు ఒక మాట మధ్యలో ఊపిరి పీల్చుకుంది. సుజాతకి ఆ అలవాటుంది. న్యుమోనియా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి అక్కడ ఊపిరి చాలదు. క్యాసెట్లో ఆ చోట ఎవరూ ఊపిరి పీల్చరు.

నిద్ర పట్టి కల గంటున్నానా అని చెంప మీద కొట్టుకున్నాను. నొప్పి తెలిసింది. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి... నా వంతు వచ్చేసింది. అలవాటు చొప్పున నోరు తెరుచుకుంది. పాడాను. నా పక్కన టెనర్ వచ్చాడు. యోహాను గొంతు... ఆ కీచు. కార్లో పక్క సీట్లోంచి వస్తున్నట్టుంది. నేను అటు తిరగలేదు. తిరగాలంటే ధైర్యం చాలలేదు. కళ్ళు అద్దం మీదే పెట్టుకుని పాడాను.

రెండోసారి అయిపోయింది.

అప్పుడు... దగ్గు వినబడింది.

రెండు చిన్న దగ్గులు, ఒక పెద్దది, తరువాత గొంతు సవరించుకోవడం. మాస్టారి దగ్గు. ఆ మనిషి పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, నాకు తెలియదా?

మూడోసారి మొదలైంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... నేను రావలసిన చోటు దాటిపోయింది. నేను రాలేదు. రాలేకపోయాను. డోరు తీసుకుని బయటపడి పరిగెత్తుదామనుకున్నాను, ఎక్కడికి? వాళ్ళు ముందుకు పోలేదు. నేను రావలసిన చోటే తిరుగుతున్నారు. మళ్ళీ అదే చోటు. మళ్ళీ అదే. కాగితంలో అలా లేదు. క్యాసెట్లో లేదు. ఆ ముగ్గురూ నా కోసం ఆగారు.

నాకు ఆ క్షణంలో భయం కంటే సిగ్గేసింది. ఎవరైనా కానీ... ఏమైనా కానీ... మాట ఇచ్చాను కదా అనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. వచ్చాను.

ఆఖరి మాట దాకా పాడాను. 'పాచెం' దగ్గర నోరు మూయలేదు. మూస్తే వాళ్ళు పోతారేమోనని భయం. మొదట వాళ్ళు ఉన్నందుకు భయపడ్డాను, ఇప్పుడు పోతారని భయం. ఊపిరి ఉన్నంతసేపూ తెరిచే ఉంచాను. నలుగురం కలిసి మూశాం.

నిశ్శబ్దం.

'టక్' మని ఒక చప్పుడు. వెంటనే బుర్‌ర్... మని రొద. ఒక్క క్షణం. ఏసీలన్నీ ఒకేసారి లేచినట్టు. అంతే, ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే ఎడారి. తీగలు కూడా మూలగడం లేదు.

అప్పుడు చూసుకున్నాను, నా వెనక ఒక నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. పఠాన్ డ్రైవరు దిగి, కొంచెం దూరంలోనే నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి రావడానికి జంకుతున్నాడు.

"భాయ్, తబియత్ ఠీక్ హై?" అన్నాడు, ఒంట్లో బాగానే ఉందా అని.

"ఎంతసేపైంది నువ్వొచ్చి? ఏమైనా విన్నావా?" అని హిందీలో అడిగాను.

"అకేలే గా రహే థే. బీచ్ మే చుప్. ఫిర్ గా రహే థే." ఒక్కణ్ణే పాడుతున్నానట. మధ్యలో ఊరుకున్నానట. మళ్ళీ పాడానట. ఇంకే గొంతూ లేదట. తాగానేమో అనుకుని నా నోరు వాసన చూశాడు పాపం. నీళ్ళిచ్చాడు. మెసైమీర్ దాకా ట్యాంకర్లో దింపాడు.

ఇంటికి వెళ్ళేసరికి మాస్టారు లేరు. యోహాను ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపేసి తిరిగొచ్చి వరండాలో కూర్చున్నాడు. గ్రేసు లోపల గిన్నెలు కడుగుతోంది. సుజాత నన్ను చూసి గయ్యిమని లేచింది.

"ఏవండీ, మీకసలు మనసుందా? పాడేసి దొంగలా జారుకుంటారా? ఆయన వెళ్ళేదాకా అయినా ఉండొద్దూ? కారు ఎక్కాక కూడా 'ప్రసాదేడమ్మా' అని నాలుగు వైపులా చూశారు!"

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "నేను... ఇప్పుడే వస్తున్నా సుజాతా. కారు చెడిపోయింది."

"యాడికి పోయినావన్నా మజ్జలో?" అన్నాడు యోహాను. "నా పక్కనే నిలబడుకోని పాడితివి గదా. నీ బుజం నాకు తగల్తానే ఉండె."

జరిగింది ఇదట. అన్ని ఏసీలూ ఒకేసారి వేసేసరికి మెయిన్ బ్రేకర్ పడిపోయింది. కటిక చీకటి. ఇంకేం పాడతాం, శ్రుతి కూడా లేదు అని గ్రేసు అందట. అప్పుడు చీకట్లో కింద నుంచి 'మ్‌...' అని శ్రుతి వచ్చిందట. 'అదుగో వచ్చేశాడు' అని మాస్టారు నవ్వారట. గదంతా అమోనియా వాసనట. సుజాత ముక్కుకి ఆ వాసన తెలియకపోవడం ఉండదు కదా. కాగితాలు కనబడకపోయినా కంఠతా వచ్చు కాబట్టి పాడేశారు. అయిపోగానే ముందు పోర్షన్‌వాళ్ళెవరో బ్రేకర్ ఎత్తారు. లైట్లు వెలిగేసరికి నేను లేను. సిగరెట్టుకి బయటికి పోయాననుకున్నారు.

నేను చెప్పాను. ఎడారి, తీగలు, ట్యాంకరు, అన్నీ. యోహాను శిలువ గుర్తు వేసుకున్నాడు. సుజాత మాత్రం నా మొహంలోకి చూసి, "మూడోసారి మీరెందుకు రాలేదు?" అంది.

"ఏమిటి?"

"మూడోసారి రావాల్సిన చోట మీరు రాలేదు. మేం ఆపేయబోయాం. మాస్టారు బల్ల మీద తట్టి, 'ఆగండమ్మా, వస్తాడు' అన్నారు. అక్కడే తిప్పి తిప్పి పాడాం. అప్పుడొచ్చారు."

నేను ఆ సంగతి వాళ్ళకి అప్పటికి చెప్పలేదు. భయపడి ఆగిపోయానని చెప్పుకోవడానికి నామోషీ వేసి వదిలేశాను. కూర్చోవడానికి కుర్చీ కోసం తడుముకున్నాను.

మాస్టారు క్రిస్మస్ దాకా ఉండలేదు. గుంటూరులో పోయారని తెలిసింది. నేను మళ్ళీ చూడలేదు.

ఎన్నో రకాలుగా సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులు నిద్ర లేనివాడికి ఏమైనా వినబడుతుంది. అన్నిసార్లు ముగ్గురే పాడినవాళ్ళకి లేని నాలుగో గొంతు చెవిలో దానంతటదే పలుకుతుంది. అమోనియా వాసన తలుపు వెనక తగిలించిన నా చొక్కాది. ఇవన్నీ ఒప్పుకుంటాను. యోహాను భుజం సంగతి మాత్రం ఒప్పుకోవడం కష్టంగా ఉంది... చీకట్లో గోడ తగిలి ఉండొచ్చు. ఏమో.

సుజాత ఈనాటికీ నమ్మదు. నేను వచ్చి పాడి, ఏడుపు దాచుకోవడానికి జారుకున్నానని, కారు చెడింది ఆ తరువాతేనని, పరువు కోసం కథ మార్చానని ఆవిడ నమ్మకం. మొన్న కూడా ఇదే గొడవ. విసిగిపోయి పడుకున్నాను. కాసేపటికి చీకట్లో ఆవిడే అంది.

"పాట అయ్యాక లైట్లొచ్చే ముందు మాస్టారు నా మీదుగా చెయ్యి చాపి మీ తల నిమిరారండీ. 'ఇవాళ నోరు మూయలేదురా' అన్నారు. ఆయన గొంతు ఎంత బాగుందో అప్పుడు. అది కూడా గుర్తులేదంటారా?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. తల మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఆ గదిలో నిలబడింది ఎవడో నాకు తెలియదు. వాడి మీద భయం లేదు నాకు ఇప్పుడు. కుళ్ళుగా ఉంది. మాస్టారి చెయ్యి వాడికి దక్కింది... నేను ఎడారిలో ఉన్నాను.